కుక్కకు ఫ్లీస్ పడితే చుక్కల మందా, టాబ్లెట్టా, కాలరా? హైదరాబాద్ ఇళ్లలో ఎవరికి ఏది కుదురుతుంది

వానాకాలం మొదలై నెల తిరిగేసరికి హైదరాబాద్‌లో కుక్కల్ని పెంచుకునే ఇళ్లలో ఒకటే గోడు, ఫ్లీస్. అంటే ఒంటి మీద చేరి రక్తం తాగే, దూకే చిన్న కీటకాలు. కుక్క తోక మొదట్లో కొరుక్కుంటూ కూర్చుంటుంది, రాత్రి తను నిద్రపోదు, ఇంట్లోవాళ్లను పోనివ్వదు. పక్క ఫ్లాట్ వాళ్లు టాబ్లెట్ వేయమంటారు. పెట్ షాపులో మెడ మీద పోసే చుక్కల మందు చేతిలో పెడతారు. ఊళ్లో ఉన్న అమ్మమ్మ వేపనూనె రాయమంటుంది. అందరూ మంచి కోరే చెబుతారు. అయినా ఒకరింట్లో బ్రహ్మాండంగా పనిచేసిన మందు ఇంకొకరింట్లో పదిరోజులకే తేలిపోతుంది. చాలాసార్లు మందులో లోపం ఉండదు, ఆ ఇంటి పద్ధతికి అది కుదరదు, అంతే. కుక్కకు వారానికోసారి స్నానం చేయిస్తారా, ఇంట్లో పిల్లి ఉందా, పాకే పాపాయి ఉందా, నేల టైల్సా షాబాద్ బండలా అన్నది చూసుకుంటే ఎంపిక సగం తేలిపోతుంది.

ముందు అవి ఫ్లీసేనా?

ఫ్లీస్ వేరు, పిడుదులు వేరు. గోమార్లు అని కూడా పిలిచే పిడుదులు చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో కరుచుకుని కదలకుండా ఉంటాయి, రక్తం తాగి గింజల్లా ఉబ్బుతాయి. ఫ్లీ ముదురు గోధుమరంగులో, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుతో, రెండు పక్కలా నొక్కేసినట్టు పల్చగా ఉంటుంది. రెక్కలుండవు. వెంట్రుకల మధ్య పరిగెడుతుంది, పట్టుకోబోతే దూకేస్తుంది.

ఫ్లీ కంటపడకపోయినా దాని జాడ దొరుకుతుంది. కుక్కను తెల్లటి పాత దుప్పటి మీద నిలబెట్టి, పేల దువ్వెన లాంటి దగ్గరి పళ్ల దువ్వెనతో నడుము నుంచి తోక మొదటి వరకు చర్మానికి ఆనించి దువ్వండి. మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు రాలితే వాటిని తడి టిష్యూ మీద వేసి వేలితో మెల్లగా అదమండి. మామూలు మట్టి అయితే అలాగే నల్లగా ఉండిపోతుంది. ఫ్లీ రెట్ట అయితే చుట్టూ ఎర్రటి గోధుమరంగు తడి పాకుతుంది, ఎందుకంటే అది అరిగీ అరగని కుక్క రక్తమే. ఈ ఒక్క పరీక్షతో డబ్బు వృథా కాకుండా ఉంటుంది. చర్మానికి ఫంగస్ పట్టిన కుక్కకు, తిండి పడక దురద పెట్టే కుక్కకు ఫ్లీ మందు వేసి ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఒక మెలిక ఉంది. కొన్ని కుక్కలకు ఫ్లీ లాలాజలం పడదు. వాటికి రెండు మూడు కాట్లు చాలు, తోక మొదలు, తొడల వెనక భాగం పుండ్లు పడేదాకా కొరుక్కుంటాయి. అలా కొరుక్కోవడంలో ఉన్న నాలుగు ఫ్లీస్‌నూ మింగేస్తాయి కాబట్టి దువ్వితే ఏమీ దొరకదు. దురద సరిగ్గా ఆ చోటే ఉంటే, దొరకలేదని ఫ్లీస్ లేవనుకోవద్దు.

ఎక్కడి నుంచి వస్తాయి?

పార్కులో ఇంకో కుక్క మీద నుంచి దూకి వచ్చాయని అందరూ అనుకుంటారు. అలా జరగకపోదు గానీ, కుక్క దొరికిన పెద్ద ఫ్లీ మామూలుగా దాన్ని వదిలి పోదు. అసలు మూలం నేల. ఆడ ఫ్లీ రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో గుడ్లు మొదలుపెట్టి, రోజుకు 40 నుంచి 50 వరకు పెడుతుంది. గుడ్లు వెంట్రుకలకు అంటుకోవు, జారి కిందపడతాయి. వాటి నుంచి వచ్చే పురుగులు వెలుతురంటే పారిపోతాయి, సోఫా కిందికీ చాప కిందికీ చేరి, పైనుంచి రాలే ఎండిన రక్తపు రెట్టనే తిని పెరుగుతాయి. తర్వాత గూడు కట్టుకుంటాయి. ఈ చక్రమంతా మన వానాకాలపు వాతావరణంలో మూడు నాలుగు వారాల్లో పూర్తవుతుంది. అనుకూలించకపోతే గూటిలోని ఫ్లీ నెలల తరబడి అలాగే ఉండిపోగలదు. లెక్క చెప్పాలంటే, ఒక ఇంట్లోని మొత్తం ఫ్లీస్‌లో కుక్క ఒంటి మీద కనిపించే పెద్దవి 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లుగా, పురుగులుగా, గూళ్లుగా ఇంట్లోనే ఉంటాయి.

కాబట్టి వీధికుక్క నిద్రపోయిన సెల్లార్ మూల, పార్కింగ్‌లో పిల్లులు పడుకునే పాత స్కూటర్ కవరు, కాలనీలో ఇల్లు కట్టేవాళ్లు పోసిన ఇసుక కుప్ప నీడ, ఇవన్నీ అంటించే చోట్లే. మన కుక్కల మీద ఎక్కువగా దొరికేది పిల్లి ఫ్లీ అనే జాతి, దానికి దగ్గరి బంధువైన ఓరియెంటిస్ అనే జాతి. అంటే పిల్లులూ ఈ లెక్కలోకి వస్తాయి. గ్రూమింగ్ సెంటర్లు, పండక్కి ఊరెళ్తూ కుక్కను వదిలే బోర్డింగ్‌లు సరేసరి.

వాతావరణం సంగతి కూడా చూడాలి. గాలిలో తేమ 50 శాతం లోపుకు పడిపోతే, వేడి 35 డిగ్రీలు దాటితే ఫ్లీ పురుగులు బతకలేవు. ఆ లెక్కన మే నెలలో హైదరాబాద్ ఎండకు బయట ఆరుబయలు నేల దానంతటదే శుభ్రపడాలి. కానీ మనం ఇంట్లో ఎయిర్ కూలర్ పెడతాం, కుక్క సరిగ్గా దాని ముందే పడుకుంటుంది. చల్లగా, తేమగా ఉండే ఆ మూల ఫ్లీస్‌కి వానాకాలంతో సమానం. ఎండాకాలంలో మందు ఆపేయవచ్చా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, కూలర్ వాడే ఇంట్లో ఆపొద్దు.

చుక్కల మందు

పెట్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఫిప్రోనిల్ అనే మందు ఉన్న చుక్కలు, డబ్బా మీద స్పాట్ ఆన్ అని ఉంటుంది. రెండు భుజాల మధ్య, కుక్క నాలుకకు అందని చోట, వెంట్రుకల్ని పాయ తీసి చర్మం మీద పోయాలి. వెంట్రుకల మీద పోస్తే డబ్బు నీళ్లలో పోసినట్టే. హస్కీ, జర్మన్ షెపర్డ్ లాంటి దట్టమైన బొచ్చు కుక్కలకు చాలామంది ఇక్కడే తప్పుతారు. మందు చర్మంలోని నూనె గ్రంథుల్లోకి చేరి ఒక రోజులో ఒళ్లంతా పాకుతుంది, సుమారు నెల పనిచేస్తుంది.

దీనికి ఒక షరతు ఉంది. మందు వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. ముందు ఎందుకంటే, షాంపూ చర్మం మీది నూనెను కడిగేస్తే మందు పాకడానికి దారి ఉండదు. తర్వాత కూడా వారం వారం షాంపూ పెడితే నెల రావలసిన మందు నెల రాదు. మన దగ్గర ఎండాకాలంలో వారానికోసారి స్నానం చేయించని ఇల్లు తక్కువ, కాబట్టి ఈ మందు పని చేయలేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం బాత్రూంలోనే ఉంటుందని నా నమ్మకం.

డబ్బా మీద ఫిప్రోనిల్‌తో పాటు మెథోప్రీన్ గానీ పైరిప్రాక్సిఫెన్ గానీ రాసి ఉన్నది తీసుకోండి. ఇవి గుడ్లనూ పురుగుల్నీ ఎదగనివ్వవు. ఒకటే ఫిప్రోనిల్ ఉన్నదానికి, ఇది కలిసినదానికి ధరలో కొంచెం తేడా ఉన్నా ఆ తేడా పెట్టాల్సిందే.

పెర్మెత్రిన్ ఉన్న చుక్కలు ఇంకో రకం. పిడుదుల్ని దరిచేరనివ్వకపోవడంలో ఇవి మంచివి. కానీ ఇంట్లో పిల్లి ఉంటే వద్దే వద్దు. పిల్లి శరీరం పెర్మెత్రిన్‌ను అరిగించుకోలేదు, కుక్క ఒంటిని నాకినా, దాన్ని ఆనుకుని పడుకున్నా వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. కుక్కల మందును తక్కువ మోతాదులో పిల్లికి వేయమని షాపులో చెబితే అస్సలు వినొద్దు. ఫిప్రోనిల్ పిల్లులకు వాడతారు గానీ కుందేలుకు మాత్రం ప్రాణాంతకం.

నమిలే టాబ్లెట్

ఫ్లురలానెర్, అఫోక్సోలానెర్, సరోలానెర్ అనే మూడు మందులు ఒకే కుటుంబానివి. బ్రవెక్టో, నెక్స్‌గార్డ్, సింపారికా అనే పేర్లతో దొరికేవి ఇవే. ఫ్లురలానెర్ ఒక్క టాబ్లెట్ ఫ్లీస్ మీద 12 వారాలు పనిచేస్తుంది, మిగతా రెండూ నెలకొకటి. కుక్క రక్తంలో మందు ఉంటుంది, కరిచిన ఫ్లీ కొన్ని గంటల్లో చస్తుంది, గుడ్లు పెట్టేంత సమయం దానికి దొరకదు. పిడుదులకూ పనిచేస్తుంది. స్నానంతో సంబంధం లేదు, ఒంటి మీద మందు ఉండదు కాబట్టి పిల్లలు కుక్కను కౌగిలించుకున్నా టెన్షన్ లేదు. ఫ్లురలానెర్‌ను కడుపు నిండా తిన్నప్పుడు ఇవ్వాలి, ఖాళీ కడుపున ఇస్తే ఒంటికి సరిగా పట్టదు.

ధర విని గుండె గుభేల్మంటుంది. మూడు నెలల టాబ్లెట్ ధరను మూడుతో భాగించి, నెల చుక్కల మందు ధర పక్కన పెట్టి చూడండి, తేడా అనుకున్నంత ఉండదు. డబ్బు మిగులుతుందని పెద్ద కుక్క టాబ్లెట్‌ను రెండు ముక్కలు చేసి రెండు చిన్నవాటికి వేయొద్దు. బరువును బట్టి కొలిచి చేసినవి అవి.

ఇక భయం సంగతి. 2018 సెప్టెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ కుటుంబం మందుల మీద ఒక హెచ్చరిక చేసింది. కొన్ని కుక్కల్లో వణుకు, నడక తడబడటం, ఫిట్స్ రావచ్చని అందులో ఉంది. చాలా కుక్కలకు సురక్షితమేనని, మందులు అమ్మకంలోనే ఉంటాయని కూడా అదే సంస్థ చెప్పింది. ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన కుక్కకు వీటి జోలికి పోకపోవడమే మంచిది, ఆ విషయం డాక్టర్‌కు ముందే చెప్పండి. ఆ చరిత్ర లేని పెద్ద కుక్కకు నేనైతే టాబ్లెట్‌కే ఓటేస్తాను. హైదరాబాద్‌లో ఫ్లీస్ కన్నా పిడుదులతో వచ్చే టిక్ ఫీవర్ కుక్కల్ని ఎక్కువ భయపెడుతోంది. ఎర్లీకియా, బబేసియా లాంటి జబ్బులతో ప్లేట్‌లెట్లు పడిపోయి, రక్తం ఎక్కించే దాకా వెళ్లిన కుక్కల్ని చూశాక, రెండింటికీ పనిచేసే మందే తీసుకోవాలన్నది నా పట్టుదల.

కాలర్

ఇమిడాక్లోప్రిడ్, ఫ్లుమెత్రిన్ కలిసిన కాలర్ ఏడెనిమిది నెలలు పనిచేస్తుంది. నెల నెలా గుర్తుపెట్టుకునే పని లేదు. రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టి, మిగిలిన ముక్క కత్తిరించాలి, లేకపోతే కుక్క నమిలేస్తుంది. తరచూ స్నానం చేయిస్తే దీని ఆయుష్షూ తగ్గుతుంది. కుక్కను పట్టుకుని ఆడుకునే రెండేళ్ల పిల్లలున్న ఇంట్లో మాత్రం, వాళ్ల చేతులు కాలర్ మీదికి, అక్కడి నుంచి నోట్లోకి పోతాయి కాబట్టి నేను సలహా ఇవ్వను. నాలుగు వీధులకో షాపులో దొరికే చవక కాలర్లను నమ్మొద్దు. డబ్బా మీద మందు పేరు, ఎంత శాతం, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ లేకపోతే తీసుకోవద్దు.

షాంపూ, ఇంజెక్షన్, ఇంటి వైద్యం

ఫ్లీ షాంపూ ఆరోజు ఒంటి మీదున్నవాటిని చంపుతుంది, మర్నాడు ఎక్కేవాటిని ఆపదు. విపరీతంగా పట్టిన కుక్కకు మొదటి రోజు ఉపశమనంగా వాడి, తర్వాత అసలు మందు మొదలుపెట్టడం సబబు. టాబ్లెట్ అయితే అదే రోజు వేయవచ్చు, చుక్కలైతే రెండు రోజులు ఆగాలి.

ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఫ్లీస్‌కి నమ్మదగ్గ మందు కాదు. గజ్జి పురుగులకు డాక్టర్లు వాడేది ఇది. కోలీ, షెల్టీ లాంటి జాతుల్లో జన్యులోపం ఉన్నవాటికి ఆ మోతాదు ప్రమాదకరం. అమిట్రాజ్ స్నానం కూడా గజ్జికీ పిడుదులకే, ఫ్లీస్‌కి కాదు. పశువుల మందుల షాపుల్లో గేదెలకు కొట్టే డెల్టామెత్రిన్ సీసా కొనుక్కొచ్చి చేతికొచ్చినంత నీళ్లలో కలిపి కుక్క మీద పోయడం శివారు ఇళ్లలో ఇంకా ఉంది. ఆ మందు మోతాదు ఎక్కువైతే కుక్కకు నురగలు, వణుకు వస్తాయి. దయచేసి ఆ పని చేయొద్దు.

వేపనూనె వాసనకు కొన్ని ఫ్లీస్ దూరంగా ఉంటాయేమో గానీ పట్టిన ఇల్లు దానితో బాగుపడదు. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం మంచిది కాదు, కుక్క నాకి కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ రావచ్చు. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది. కలరా ఉండలు పరుపు కింద పెట్టడం, అన్నంలో వెల్లుల్లి కలపడం రెండూ విషమే. వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తుంది.

ఇల్లు, మూడు నెలలు

ఏ మందు ఎంచుకున్నా ఇల్లు చూడకపోతే సగం పని మిగిలే ఉంటుంది. టైల్స్ లేదా గ్రానైట్ నేల ఉన్న ఫ్లాట్‌కు ఇది సులువు. రోజూ ఊడ్చి తడిగుడ్డ పెట్టడం, కుక్క పడుకునే బట్టలు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయడం చాలు. పాత ఇళ్లలో షాబాద్ బండల నేల అయితే కథ వేరు. బండకూ బండకూ మధ్య సిమెంటు లేచిపోయిన సందుల్లో దుమ్ము, వెంట్రుకలు నిండి ఉంటాయి, పురుగులకు అంతకన్నా మంచి చోటు దొరకదు. చీపురు అక్కడికి చేరదు. వాక్యూమ్ క్లీనర్ సన్నమూతితో ఆ సందుల వెంట లాగండి, వీలైతే వైట్ సిమెంటుతో పూడ్చేయండి. దివాన్ కింద, సోఫా దిండ్ల వెనక, కారు వెనక సీటు మర్చిపోవద్దు. వాక్యూమ్ అదురుకు గూళ్లలోని ఫ్లీస్ లేచి బయటికొస్తాయి కూడా, వాటిని మందు వేసిన కుక్కే చంపుతుంది. సంచిలో చేరినదాన్ని కవర్లో ముడివేసి బయట పారేయండి.

పెస్ట్ కంట్రోల్ పిలవాలా? టైల్స్ ఇల్లు, ఒక్క కుక్క అయితే అవసరం రాదు. షాబాద్ నేల, కార్పెట్లు, నాలుగైదు జంతువులు ఉండి ఇంట్లోవాళ్ల కాళ్లకు కూడా కాట్లు పడుతుంటే పిలవండి. పురుగుల ఎదుగుదలను ఆపే మందు కలుపుతారా అని ముందే అడగండి. చేపల తొట్టి మూసి గాలి పంపు ఆపాలి, పిల్లిని నేల పూర్తిగా ఆరేదాకా దూరంగా ఉంచాలి. ఏ స్ప్రే అయినా గూటిలోని ఫ్లీని చంపలేదు.

అందుకే మందు వేసిన పదో రోజున మళ్లీ ఫ్లీ కనిపిస్తుంది. అది పాత గూటి నుంచి వచ్చిన కొత్త ఫ్లీ. మందు పనిచేయలేదని ఇంకో రకం తెచ్చి దాని మీద వేయడం కుక్కకు ప్రమాదం. ఇంట్లోని ప్రతి కుక్కకూ పిల్లికీ ఒకే రోజు, వాటికి తగిన మందు మొదలుపెట్టి మూడు నెలలు ఆపకుండా వేస్తే గూళ్లు ఖాళీ అవుతాయి. సంక్రాంతికి ఊరెళ్లి వారం తర్వాత తాళం తీసిన ఇంట్లో ఒక్కసారిగా చీలమండలకు కాట్లు పడటం కూడా ఇందువల్లే. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగలగానే గూళ్లన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. మందు గడువు పండగ సెలవుల మధ్యలో అయిపోకుండా ముందే చూసుకోండి.

ఎవరికి ఏది?

వారం వారం స్నానం, ఇంట్లో పిల్లి లేదా చిన్నపిల్లలు ఉంటే టాబ్లెట్. కుక్కకు ఫిట్స్ చరిత్ర ఉంటే ఫిప్రోనిల్ మెథోప్రీన్ చుక్కలు, స్నానాలు తగ్గించుకోవాలి. తేదీలు గుర్తుండని పెద్దవాళ్లు, సైనిక్‌పురి లాంటి చోట కాంపౌండ్‌లో కాపలా కుక్కలున్నవాళ్లకు కాలర్ హాయి. కాలనీలో మీరు అన్నం పెట్టే వీధికుక్కకు పట్టుకుని చుక్కలు పోయడం, కాలర్ కట్టడం కుదిరే పని కాదు, కట్టినా నిలవదు. దానికి 12 వారాల టాబ్లెట్‌ను కోడికూర ముక్కలో పెట్టి, బరువు అంచనా డాక్టర్‌తో మాట్లాడి ఇవ్వడం మంచి దారి. అలా ఒక కుక్కకు చేస్తే మీ గేటు ముందు రాలే గుడ్లూ ఆగుతాయి. కడుపుతో ఉన్న, పాలిచ్చే కుక్కలకు ఫ్లురలానెర్ వాడటానికి అనుమతి ఉంది, అయినా డాక్టర్‌ను అడిగే వేయండి.

ఎనిమిది వారాల లోపు కుక్కపిల్లలకు టాబ్లెట్, కాలర్, పెద్దల చుక్కలు ఏవీ వద్దు. రోజూ దువ్వెనతో దువ్వి, దొరికినవాటిని సబ్బునీళ్ల గిన్నెలో వేయండి, తల్లికి చికిత్స చేయించండి. అవసరమైతే ఫిప్రోనిల్ స్ప్రే ఎంత కొట్టాలో డాక్టర్ చెబుతారు. పిల్ల మందకొడిగా ఉండి, పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగు పోయి పాలిపోయి ఉంటే అదే రోజు తీసుకెళ్లాలి, చిన్న ఒంట్లో రక్తం తరిగిపోవడానికి ఫ్లీస్ చాలు. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలలో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించవచ్చు. అప్పుడే మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తున్నాయేమో కూడా చెప్పండి. ఫ్లీని మింగితే వచ్చే బద్దెపురుగు అది. దానికి ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కావాలి, మామూలు నులిపురుగుల సిరప్ పనిచేయదు.